వార్చిన నీళ్ళు

జూన్ 19, గురువారం

నందిగామ నుంచి వచ్చేసరికి మూడయింది. బెజవాడ నుంచి గురువారాలు వచ్చే కిడ్నీ డాక్టరుగారు పది నిమిషాలు చూశారు. మా ఆయన క్రియాటినిన్ నాలుగున్నర. అది చదివి, పొటాషియం అంకె దగ్గర ఆగారు. 5.6. ఐదు దాటకూడదట. అలా పెరుగుతూ పోతే గుండెకే ప్రమాదమట.

"డయాలిసిస్ లేకుండా ఎన్నాళ్ళు నెట్టుకొస్తామనేది ఇహ మీ వంటింటి చేతిలో ఉందమ్మా" అన్నారు నన్ను చూసి.

మా ఆయన నా వైపు తిరిగి, "విన్నావా" అన్నారు, కొట్లో కొత్త గుమాస్తాకి తాళాలిచ్చినట్టు.

పక్క గదిలో డైట్ చెప్పే అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. రోజారమణి. మా కాలేజీ పిల్లే, ఎనిమిదేళ్ళ కిందట నా దగ్గర బోటనీ చదివింది. "మేడమ్, మీకు నేను చెప్పడమేంటండీ" అని సిగ్గుపడి అచ్చు కాగితం చేతిలో పెట్టింది. కొబ్బరినీళ్ళు, అరటిపండు, టమాటా, బంగాళదుంప, ఆకుకూరలు వద్దు. ఉప్పు వద్దు. కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, వార్చి వండుకోవాలి. మంచినీళ్ళు, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకి లీటరు దాటకూడదు.

"సూప్ ఇవ్వొచ్చామ్మా?"

"ప్యాకెట్లవి వద్దు మేడమ్. ఇంట్లో ఉప్పు లేకుండా కొద్దిగా అయితే పర్లేదండి."

వార్చడం ఎందుకో అడుగుదామనుకున్నాను. తలుపు దగ్గర ఇంకా పదిమంది ఉన్నారు. పైగా నేను మేడమ్‌ని.

జూన్ 20

ఉప్పు లేని వంట మొదటి రోజు. సొరకాయ ఉడికించి, జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు వేసి, దించాక నిమ్మరసం పిండాను. ఆయన రెండు ముద్దలు తిని కంచం వైపు చూస్తూ కూర్చున్నారు.

"జైల్లో కూడా ఉప్పేస్తారు రాజ్యం."

"జైల్లో డాక్టరు వద్దని చెప్పడుగా."

"చెప్పినా వాళ్ళు వినరు. అదీ సుఖం."

అత్తయ్య కొడుకు ఎదురుగా కూర్చుని తనూ అదే కూర వేయించుకుంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఆవకాయ జాడీ తనే తీసి అటక మీద పెట్టించింది.

జూన్ 21

కీరదోస, ఉల్లిపాయ సన్నగా తరిగి, నిమ్మరసం, మిరియాలపొడి కలిపి సలాడ్ అన్నాను. "పచ్చివి పశువులు తింటాయమ్మాయ్" అంది అత్తయ్య. ఆయన పశువులా నమిలి చూపించారు. ముగ్గురం నవ్వాం. చాలా రోజులయింది.

జూన్ 24

పొద్దున కాలేజీ బస్సుకి టైమయిపోతోంది. క్యాబేజీ, క్యారెట్టు, బీన్స్ ఉడికిన గిన్నె సింకులో వంచబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"వార్చమన్నారు అత్తయ్యా."

"వార్చమన్నారు. పారబొయ్యమన్నారా?"

ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూశాను. నిజమే. వార్చి అని మాత్రమే ఉంది.

ఈ ఇంట్లో వార్చడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. అన్నం వారిస్తే కింద గిన్నె ఉంటుంది. ఆ గంజి కొంత మామయ్యగారు తాగేవారు, కొంత చీరలకి పెట్టేవాళ్ళం. పప్పు వారిస్తే ఆ కట్టుతో చారు. వార్చింది ఏదైనా కాలవలోకి పోవడం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

"సారమంతా ఆ నీళ్ళలో ఉంటే, పిప్పి వాడికి పెట్టి సారం కాలవకి పోస్తావా? అసలే పీల్చుకుపోయున్నాడు" అంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నీళ్ళు స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉన్నాయి. లీటరు లెక్క గుర్తొచ్చింది. అందుకని సగానికి మరిగించాను. వెన్న చెంచాడు వేడిచేసి దంచిన వెల్లుల్లి, జీలకర్ర వేయించి, ఆ నీళ్ళు పోసి, మిరియాలు చల్లి, కొత్తిమీర నాలుగు రెబ్బలు వేశాను. చిన్న గిన్నెడు అయింది. చిక్కగా, లేత పసుపు రంగులో.

ఆయన ఊది ఊది తాగారు. గిన్నె దించి, "ఇదేంటి, ఉప్పేశావా?" అన్నారు.

వెయ్యలేదన్నాను.

"ఒట్టు?"

అత్తయ్య వంటింట్లోంచే, "ఒట్టెందుకురా, కూరగాయల్లో ఉప్పు వాటికే ఉంటుంది" అంది.

జూన్ 29

ఈ వారం సూపులు రాసిపెట్టుకుంటున్నాను, మర్చిపోకుండా.

బీరకాయ, క్యాబేజీ: మిరియాలు, వెల్లుల్లి.
ముల్లంగి, క్యారెట్టు: అల్లం తగిలించాలి, లేకపోతే వాసన.
సొరకాయ, బీన్స్: జీలకర్ర వేయించి పొడి కొట్టాలి. అన్నిట్లోకీ ఇదే బాగుంది.

ఏది చేసినా నీళ్ళు సగానికి మరగాలి. లేకపోతే రుచి రాదు.

ముక్కలు విడిగా తాలింపు పెడితే ఆయన ముట్టుకోవడం లేదు. గడ్డి అంటున్నారు. సూప్ మాత్రం కొట్లోంచి ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు, ఇవాళ ఏమిటని. నాకు వంట రాదని పెళ్ళయిన కొత్తలో వాళ్ళ చుట్టాలంతా అనుకునేవాళ్ళు. ఇప్పుడు నా చేతిలో ఉన్నదేదో పనిచేస్తోందనిపిస్తోంది. అనిపించడమే.

జూలై 3, గురువారం

5.9.

డాక్టరుగారు ఏదో పొడి ప్యాకెట్లు రాశారు. వంట సరిగ్గా మొదలుపెట్టి పది రోజులే కదా అనుకున్నాను. శరీరానికి టైం పడుతుంది.

జూలై 6

శరీరానికి అంత టైం ఎందుకు పడుతుంది? పండ్లు ఇంట్లోకి రానివ్వడం లేదు. టమాటా లేదు. నేను చేసేదంతా కాగితంలో ఉన్నదే. మరి తేడా ఎక్కడుంది? ఇంట్లో లేదంటే బయట ఉండాలి.

వాళ్ళ పప్పుల కొట్టు ముందే సాంబయ్య కొబ్బరిబొండాల బండి పెడతాడు. ఆయన ఆ బండిని రోజుకి పది గంటలు చూస్తూ కూర్చుంటారు.

జూలై 8

కొట్లో ఉండే మా మరిది నవీన్‌బాబుని కనిపెట్టి ఉండమన్నాను.

"వదినా, అన్నయ్య మంచినీళ్ళు కూడా నువ్విచ్చిన సీసాలోయే తాగుతున్నాడు" అన్నాడు.

"నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు?"

"అప్పుడు నేనెట్టా చూస్తాను వదినా."

అదే నేననేదీ.

జూలై 17, గురువారం

6.1. పొడి వాడినా.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి, "చెన్నకేశవరావుగారూ, ఇంట్లో ఇంత కట్టుదిట్టంగా ఉంటే పెరగకూడదు మరి. బయటేమన్నా తింటున్నారా?" అన్నారు. లేదండి అన్నారు ఆయన. వచ్చే గురువారం మళ్ళీ రక్తం ఇవ్వాలి. తగ్గకపోతే డయాలిసిస్ మొదలుపెట్టాల్సిందే.

బయటికొస్తుంటే రోజారమణి ఎదురొచ్చింది. "వార్చే వండుతున్నారు కదా మేడమ్?"

"వారుస్తున్నామమ్మా."

"అయితే మీ వైపు ఏం లేదండి" అంది. ఎంత బాగుందో ఆ మాట వినడానికి.

ఇంటికి రాగానే నేను ఆగలేకపోయాను. అత్తయ్య ముందే అడిగాను. ఎన్ని రోజులనుంచి తాగుతున్నారు, రోజుకి ఎన్ని. తాగట్లేదన్నారు. నేను మళ్ళీ అడిగాను. మా అమ్మ పోయినప్పుడు కూడా నేనంత గట్టిగా ఏడవలేదు. పొద్దున ఐదింటికి లేచి తరిగేది నేను, బస్సులో నిలబడి వెళ్ళేది నేను, అందరిముందూ సంజాయిషీ చెప్పుకునేది నేను అన్నాను. ఆయన చెప్పులు విప్పకుండా కుర్చీ అంచున కూర్చుని విన్నారు.

"సరే, తాగా" అన్నారు చివరికి. "బొండం. ఒకటో రెండో. ఇహ ఆపు."

అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ప్రాణం తేలికపడింది. ఇది రాయకూడదేమో. కానీ పడింది.

జూలై 18

నవీన్‌బాబు సాంబయ్య బండిని కొట్టు ముందునుంచి తీయించేశాడట. బస్టాండు వైపు పోయాడని చెప్పాడు.

జూలై 22, మంగళవారం

సెకండియర్‌కి ఖనిజ పోషణ మొదలుపెట్టాను. పొటాషియం దగ్గర సగంలో ఆపేసి చదువుకోమన్నాను. తలనొప్పి.

జూలై 23

బీరకాయ, క్యాబేజీ సూప్. ఆయన ఇంకొంచెం ఉందా అని అడిగారు. ఉంటే పోశాను.

జూలై 24, గురువారం

నందిగామ క్లినిక్‌కి వెళ్ళలేదు. యూనిట్ టెస్టు పేపర్లు ఉన్నాయి. ఆయనా పట్టుబట్టలేదు. వచ్చే గురువారం ఎలాగూ వెళ్తాం. బొండాలు ఆగి వారమయింది కాబట్టి అప్పటికి అంకె కూడా బాగా తగ్గుతుంది.

జూలై 25, శ్రావణ శుక్రవారం

రోజారమణి నంబరు నా దగ్గర ఉంది. స్టాఫ్‌రూమ్‌లో రెండుసార్లు తీశాను. ఏమని అడగాలి? నేర్పిన పిల్లని నేను ఏమని అడగాలి? అడిగితే అవునంటుందేమో. కాదని కూడా అనొచ్చు. కాదనే అంటుంది. ఇంట్లో సూప్ ఇవ్వొచ్చని తనే కదా అంది.

ఇవాళ చెయ్యకుండా ఉందామనుకున్నాను. అత్తయ్య పూజ చేసుకుని, నీళ్ళు వార్చి పెట్టి, మిరియాలు కూడా దంచి ఉంచింది. ఆయన కొట్టునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుని ఉన్నారు. రోజంతటిలో ఆయన మొహం విచ్చుకునేది ఆ గిన్నె చూసినప్పుడే.

చేశాను. కొద్దిగానే.

జూలై 26

కాళ్ళు బరువుగా ఉన్నాయంటున్నారు. కొట్లో ఎక్కువసేపు కూర్చోవడం వల్ల.

జూలై 28

ఆగస్టు 2, శనివారం. బెజవాడ, ఆసుపత్రి

సోమవారం తారీకు వేసి ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ఆ పొద్దున ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు గానీ నిలబడలేకపోయారు. "కాళ్ళు నావి కావు రాజ్యం" అన్నారు, ఆశ్చర్యంగా. మాట ముద్దగా వచ్చింది. నాడి పట్టుకుంటే ఒకటి కొట్టుకుని రెండోదానికి ఎంతసేపో. అంబులెన్సులో నందిగామ ఆగాం, అక్కడ ఇంజెక్షన్ ఇచ్చి ముందుకు పొమ్మన్నారు. కీసర టోలు దగ్గర లారీల వెనక మూడు నిమిషాలు ఆగింది. ఆ మూడు నిమిషాలు నేను ఆయన చెయ్యి వదిలేసి నా చేతులు చూసుకున్నాను. ఎందుకో తెలియదు.

6.9. మెడలో గొట్టం వేసి డయాలిసిస్ చేశారు. ఇహ వారానికి రెండుసార్లు. మంగళ, శనివారాలు నందిగామలో చేయించుకోవచ్చట.

"ఎలాగూ ఈ ఏడాది చివరికి రావాల్సిందేనమ్మా. కాస్త ముందొచ్చింది" అన్నారు డాక్టరుగారు. ఆ మాటని ఐదు రోజులుగా చప్పరిస్తున్నాను. ఎలాగూ. కాస్త. ముందు.

ఎంత ముందు అని అడగలేదు.

ఇరవై రెండో తారీకు పేజీ తీసి చూశాను. తలనొప్పి అని రాసి ఉంది. తలనొప్పి లేదు ఆ రోజు. బోర్డు దగ్గర నిలబడి, ఇరవై ఏళ్ళుగా చెబుతున్న వాక్యమే చెప్పాను. పొటాషియం మొక్కలో దేనికీ అతుక్కుని ఉండదు, నీళ్ళలో కరిగి తిరుగుతూనే ఉంటుంది, ఆకు మీద వాన పడినా కారి పోతుంది. కారి పోతుంది అన్నాక చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ముక్కల్లోంచి నీళ్ళలోకి పోవాలనే ఉడికించమన్నారు. నీళ్ళతో పోవాలనే వార్చమన్నారు. నేను ఆ నీళ్ళు పట్టి, సగానికి మరగబెట్టి, వెన్న వేసి ఆయన చేతికిచ్చాను. నెల రోజులు తెలియక.

ఆ తరువాత బుధ, గురు, శుక్ర, శని, ఆది. ఐదు రోజులు ఏమని రాయాలి.

ఆగస్టు 9, శనివారం

నందిగామలో రెండో డయాలిసిస్. రోజారమణి మంచం దగ్గరికొచ్చి స్టూలు లాక్కుంది.

"సార్, అంత ఎక్కువ ఎట్లా వెళ్ళిందో నాకు అర్థం కాలేదండి. మేడమ్ అంతా సరిగ్గానే చేశారు కదా."

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను.

"నాదేనమ్మా తప్పు" అన్నారు ఆయన. "బొండాలు తాగా."

రోజారమణి నా భుజం మీద చెయ్యేసింది. "చూడండి సార్, మేడమ్ ఇన్నాళ్ళు వార్చి వార్చి పారబోసిందంతా మీరు బొండంలో తాగేశారు" అంది నవ్వుతూ. పక్క మంచం మీద పెద్దాయన కూడా నవ్వాడు.

నేనూ నవ్వాననుకుంటాను.

ఆగస్టు 12, మంగళవారం

చెప్పేశాను.

మిషను మీద ఇంకా రెండు గంటలుంది. పక్క మంచం ఖాళీ. నవీన్‌బాబు టీకి వెళ్ళాడు. ముందు సాంబయ్య సంగతి ఎత్తాను. అతన్ని మళ్ళీ కొట్టు ముందు పెట్టుకోమని నవీన్‌బాబుకి చెబుతానన్నాను.

"ఎందుకు?"

"మీరు బొండాలు తాగలేదు కాబట్టి."

ఆయన నా వంక చూడలేదు. గొట్టంలో రక్తం వెళ్ళడం చూస్తున్నారు.

"తాగలేదు" అన్నారు. "నువ్వు ఏడుస్తుంటే ఏదోటి ఒప్పుకుంటే ఆపుతావని ఒప్పుకున్నా."

అప్పుడు సూప్ సంగతి చెప్పాను. నీళ్ళు, పొటాషియం, మరగబెట్టడం, అంతా. పిల్లలకి చెప్పినట్టు వరసగా వచ్చేసింది. ఆయన అంతా విన్నారు.

"నీకెప్పుడు తెలిసింది?"

అడుగుతారని నాకు తెలుసు. జవాబు కూడా సిద్ధం చేసుకునే వెళ్ళాను. ఇరవై రెండు, మంగళవారం, మూడో పీరియడ్.

"మొన్న. రోజారమణి పారబోయడం అన్నదే, అప్పుడు" అన్నాను.

ఆయన తల ఊపారు. నమ్మారో లేదో తెలియదు. ఆయన ఎదుటివాళ్ళ మాట నమ్మినట్టు కనిపించడం ముప్పై ఏళ్ళుగా కొట్లో చేస్తున్న పనే.

కాసేపటికి, "ఆ నీళ్ళు రోజూ పట్టిపెట్టింది అమ్మ కదూ" అన్నారు.

"అవును."

"అమ్మకి చెప్పకు. తెలిస్తే ఇహ ముద్ద ముట్టదు. బొండాలే అనుకోనీ."

"నవీన్‌బాబుకి?"

"వాడికి చెబితే అమ్మకి చెప్పినట్టే."

"సాంబయ్యకి?"

కళ్ళు మూసుకున్నారు. "బస్టాండు దగ్గర బేరం బానే ఉంటుందిలే" అన్నారు.

అంతే. ఒక్క మాట అనలేదు నన్ను. అంటే బాగుండేది. ఇంటికొస్తుంటే కారులో, "ఇహ ఆ సూప్ ఉండదన్నమాట" అన్నారు. అడగలేదు, అన్నారంతే. నవీన్‌బాబు అద్దంలోంచి, "ఏ సూప్ అన్నయ్యా?" అన్నాడు. నేను కిటికీ అద్దం దించాను.

ఆగస్టు 13, బుధవారం

ఆసుపత్రి నుంచి వచ్చాక పది రోజులుగా అత్తయ్య లేవకముందే ఉడికించి, వార్చి, పారబోస్తున్నాను. ఇవాళ ఆవిడ ముందే లేచింది. సొరకాయ, బీన్స్ ఉడికిన గిన్నె చేతిలో ఉండగా వచ్చి పక్కన నిలబడింది.

"సూప్ మానేశావేం అమ్మాయ్? డాక్టరు వద్దన్నాడా?"

"లేదత్తయ్యా."

"మరి? వాడు నోరు తెరిచి అడగడు. రక్తమంతా ఆ మిషన్లో పోయి వస్తున్నాడు. ఇప్పుడు కదా పోసి నిలబెట్టాల్సింది." స్టీలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "బొండాలు తాగి వాడు చేసుకున్నదానికి ఆ నీళ్ళేం చేశాయి పాపం."

ఆవిడ చూస్తుండగానే సింకులో వంచాను. ఆవిరి ఇద్దరి మొహాలకీ కొట్టింది. ఆవిడ కదలకుండా నిలబడింది.

"అదేంటి? సారమంతా..."

"కాయ చేదుగా ఉంది అత్తయ్యా. నీళ్ళు వాసనొచ్చాయి" అన్నాను.

ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. చేదు లేదని ఆవిడకి తెలిసింది. నాకేసి చూసిన చూపులో కోపం లేదు. వాడి మీద విసుగొచ్చిందా నీకు అని అడుగుతున్నట్టుంది. ఆ మాట అడగకుండా ఖాళీ గిన్నె తీసుకుని, కడగక్కర్లేని దాన్ని కడిగి బోర్లించింది.

"రాత్రికి నేను వండుతాలే. నువ్వు కాలేజీ నుంచి అలిసిపోయి వస్తావు" అంది.

ఎనిమిదింపావు బస్సు వదిలేశాను. ప్రిన్సిపాల్‌కి ఒంట్లో బాలేదని మెసేజ్ పెట్టాను. రాత్రికి బీరకాయలు ఉన్నాయి. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసి లేచేలోపు తరగాలని ఇప్పుడే కత్తిపీట ముందు కూర్చున్నాను. బీరకాయ చేదంటే నమ్ముతుంది. రేపటికి క్యాబేజీ ఉంది. క్యాబేజీకి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.